జోడు ముద్ద

మృగశిర కార్తె, మొదట్లో

నీళ్ల మీద తేలే మా తెప్పపాలెం చేపపిల్లల కేంద్రం నుంచి నీటి కాపరి భూలక్ష్మి రాస్తున్నది. పుట్టి ఇన్నేళ్లయినా గట్టి నేల మీద పట్టుమని పది అడుగులు వేసింది లేదు. అయినా ఈ పేరు పెట్టిన మా నాన్నకో దండం.

ఈ రోజు మూడు తల్లిగదుల్లోనూ గుడ్లు పగిలాయి. ఒకటీ రెండూ గదుల్లో పిల్లలు చక్కగా నిటారుగా ఈదుతున్నాయి. మూడో గదిలో సగానికి పైగా వెన్ను వంగి పుట్టాయి. ముందుకు పోలేక ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి.

మూడు గదులకూ నీళ్లు ఒకే గొట్టంలోంచి వస్తాయి. మేత ఒకే గంగాళంలో కలుపుతాను. తల్లులు మూడూ శీలావతి చేపలే, ఒకే ఈడువి, ఒకే కాన్పులో పుట్టినవి. మరి మూడోదానికి ఏం వచ్చిపడింది? అర్థం కాలేదు. అర్థం కాలేదని రాయడం నాకు బొత్తిగా గిట్టదు గానీ, డైరీలో అబద్ధం రాయకూడదు కదా.

అసలు గుబులు వేరే ఉంది. ఆ మూడో గది తల్లి మా తమ్ముడి భార్య, మరదలు అచ్చియమ్మకి జోడు చేప. మా ఊళ్లో ఆడకూతురు కడుపుతో ఉంటే కేంద్రంలో ఒక తల్లిచేపని ఆమెకి జోడు కడతారు. రెండు పూటలా ఆమె ఆ గది గట్టున కూర్చుని, కంచంలో తొలిముద్ద చేపకి వేసి, మిగతాది తను తినాలి. తినేటప్పుడు ఎవరూ చూడకూడదు, దిష్టి. చేపపిల్లలు ఎలా పుడితే కడుపులో బిడ్డ అలా పుడుతుందని మావాళ్ల నమ్మకం. నేను నమ్మను. కానీ అచ్చికి ముందు రెండు కడుపులు నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల. అందుకని నమ్మకపోయినా గదిలో పిల్లలున్న వైపు గోనె కప్పి వచ్చాను.

మృగశిర, చివర్లో

గోనె కప్పితే దాగుతుందా? ఈ ఊళ్లో ఒక కొసన తుమ్మితే ఇంకో కొసన చిరంజీవ అంటారు.

"వదినా, మూడో గదిలో ఏదో అయ్యిందంట కదా?" అని అచ్చే వచ్చి అడిగింది.

"ఏం కాలేదు. నీళ్లు మార్చాను."

"మరి ఆ గోనెందుకు?"

"ఎండకి."

"వాన పడతంటేనా?"

నాకు అబద్ధమాడటం చేతకాదు. కసిరి పంపించేశాను.

తల్లిచేప రక్తం సోది యంత్రంలో పెట్టి చూశాను. మొప్ప దగ్గర నుంచి ఒక చుక్క తీసి పెడితే అది రెండు సంగతులు చెబుతుంది: కాపలా ఎంతుందో, తుప్పు ఎంతుందో. కాపలా అంటే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. అంత పేరు నోరు తిరగక మేం కాపలా అనేశాం. గాలి పీల్చే ప్రతి జీవి ఒంట్లోనూ కంటికి కనిపించని నిప్పురవ్వలు లేస్తూనే ఉంటాయి. అవి కొవ్వుని చెడగొడతాయి, గుడ్డులో సొనని పాడు చేస్తాయి. ఆ పాడైనదాన్నే మేం తుప్పు అంటాం. రవ్వల్ని ఎప్పటికప్పుడు ఆర్పే వాటిలో ఈ కాపలా ఒకటి. దాని నడుమ ఒకే ఒక్క సెలీనియం పరమాణువు ఉంటుంది. అది లేకపోతే కాపలా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మా గదులకి వచ్చేది వాన నీరు, అందులో సెలీనియం ఉండదు. అందుకే మేతలో చిటికెడు సెలీనియం ఈస్టు కలుపుతాను.

మూడో తల్లికి కాపలా నిండుగా ఉంది. తుప్పు కూడా నిండుగానే ఉంది. ఇదెక్కడి చోద్యం? ఇంటి చుట్టూ కాపలా ఉన్నా దొంగలు పడితే ఏమనుకోవాలి? కాపలా ఇంకా చాలలేదనుకోవాలి. ఆ గదికి విడిగా ఇంకో చిటికెడు కలిపాను.

ఆరుద్ర కార్తె

తుప్పు పెరిగింది. కాపలా అక్కడే ఆగింది, పెరగదు, తరగదు. యంత్రం పాడయ్యిందేమోనని మిగతా రెండు చేపలకీ చూశాను. వాటికి శుభ్రంగా చెబుతోంది.

పొద్దున బూడిద మూలకి వెళ్లి తెప్పల మీద పెంచే ఆవ మొక్కల్ని కోయించాను. ఎప్పుడో నీళ్లలో మునిగిపోయిన కరెంటు ఫ్యాక్టరీ బూడిద గుట్ట ఆ మూలన అడుగున ఉంది. అందులోంచి ఊరే సెలీనియం మా వైపు రాకుండా ఆవ మొక్కలు వేర్లతో పీల్చేసుకుంటాయి. మేం ఇక్కడ చిటికెడు కోసం కరువు, అక్కడ పుట్లకి పుట్లు. ఆ ఆకు ఎవరూ తినకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కోసి, ఎండబెట్టి, ఒడ్డుకి పంపేస్తాం. మూడో గదికి ఆ నీళ్లు గానీ చేరుతున్నాయా అని గొట్టం పొడుగునా వెతికాను. చుక్క కూడా చేరడం లేదు.

ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మ తిరుపతమ్మ నోట్లోంచి వెల్లుల్లి వాసన వస్తోందని పక్కింటి సూరమ్మ రచ్చకెక్కింది. సరుకుల పడవలో వెల్లుల్లి వచ్చి ఏడాది దాటింది. ఊరంతా వెల్లుల్లి మొహం వాచి ఉంది.

"దాచుకున్నావు కదే తిరుపతమ్మా! ఓ రెండు రేకలు ఇత్తే నీ సొమ్మేం పోయింది?"

"నా మనవడి మీద ఒట్టు, నా దగ్గర వెల్లుల్లి తొక్క కూడా లేదే!"

"పుట్టని మనవడి మీద ఒట్లేంటే?"

అమ్మ ఏడ్చింది. నేను ఆమె పోపుల డబ్బా సూరమ్మ ముందే బోర్లించి చూపించాను. వెల్లుల్లి లేదు. కానీ సూరమ్మ చెప్పింది నిజమే, వాసన మాత్రం ఉంది. ఇదేంటో కూడా నాకు తెలియలేదు. ఈ కార్తెలో నాకు తెలిసినవి లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు.

పునర్వసు కార్తె

ఎదురు పద్ధతిలో వెళ్లాను. మూడో తల్లికి ఈస్టు పూర్తిగా మానేశాను. ఒంట్లోకి సెలీనియం రావడం ఆగితే కాపలా మెల్లగా పడిపోవాలి. పడలేదు. పెట్టడం మానేశాక తగ్గకపోతే దానికి ఎవరు పెడుతున్నట్టు?

తొలిముద్ద గుర్తు రాకపోలేదు. నవ్వుకుని వదిలేశాను. ముద్ద అంటే ఉసిరికాయంత. అంత పెద్ద చేపకి అది పళ్ల సందున కూడా ఆనదు.

అచ్చి చిక్కిపోతోంది. ఆరో నెల వచ్చినా వేవిళ్లు పోలేదు. తమ్ముడు పైడిరాజు ధాన్యం పడవ మీద పోయాడు, కాన్పు నాటికి గానీ రాడు. వాడు లేనప్పుడు దీనికేమన్నా అయితే వాడి మొహం ఎలా చూడాలో అని నాకు లోపల పీకుతూనే ఉంది. అందుకే ఈ రోజు గట్టిగా కేకలేశాను.

"మా అమ్మ నీకోసం మట్టి పోసి పురిటి మడి కట్టి, అందులో తోటకూర పెంచి, పొద్దున్నే లేత ఆకు కోసి వండి పెడతంది. తింటన్నావా, లేదా?"

"తింటన్నాను వదినా. కంచం చూడు, కడిగినట్టు లేదూ?"

నిజంగానే కంచం కడిగినట్టుంది. "కూర వాసన పడట్లేదు గానీ..." అని ఏదో గొణిగింది. వేవిళ్లలో పాలు కూడా వాసనే, నోరు మూసుకుని తిను అన్నాను. తలూపింది. ఖాళీ కంచం చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. కుండలో మిగిలిన కూర తనే తుడుచుకు తింది. ఈ మధ్య అమ్మ గోళ్లు పెళుసై విరిగిపోతున్నాయి. జుట్టు దువ్వితే దువ్వెన నిండా ఊడుతోంది. వయసంది. నేనూ వయసే అనుకున్నాను.

పుష్యమి కార్తె

మూడో తల్లి రెండోసారి గుడ్లు పెట్టింది. ఈసారి నిటారుగా ఉన్న పిల్ల ఒక్కటి కూడా లేదు.

ఊరి పెద్ద సన్యాసయ్య బాబాయి నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. గోనె ఎత్తి చూసి, పై పంచెతో మొహం తుడుచుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? నీళ్లకేం రోగం?"

"నీళ్లు బాగున్నాయి బాబాయ్."

"మేతకి?"

"మేతా బాగుంది."

"అన్నీ బాగుంటే ఇదేంటి? నువ్వు చదువుకున్నదానివి, కారణం చెప్పలేకపోతే జనం వాళ్లకి తోచిన కారణం చెప్పుకుంటారు. ఇప్పటికే చెప్పుకుంటన్నారు."

ఏం చెప్పుకుంటున్నారో నాకు తెలుసు. అచ్చి కడుపులో బిడ్డ కూడా ఇలాగే ఉందని. వాళ్ల వెనకాలే అచ్చి నిలబడి ఉందని అప్పటిదాకా ఎవరం చూసుకోలేదు. అది నీళ్లలోకి తొంగి చూసింది.

"నా బిడ్డకి కూడా నడుం ఇట్టానే వంగుతాదా వదినా?"

"చేపకీ మనిషికీ సంబంధం లేదే పిచ్చిదానా."

"మరి దీనికెందుకు వంగింది?"

ఎవరి మీద కోప్పడాలో తెలియక, పాపం అడగడానికి వచ్చిన బాబాయి మీద అరిచాను. ఆయన గోనె సర్ది వెళ్లిపోయాడు, అది ఇంకా బాధగా ఉంది.

ఆశ్లేష కార్తె

మూడో తల్లి మేత ముట్టడం లేదు. రక్తం తీద్దామని ఒడిలోకి తీసుకుని మొప్ప ఎత్తాను. గుప్పున వెల్లుల్లి వాసన కొట్టింది.

చేపని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మ నోట్లోంచి వచ్చే వాసనే ఇది. ఒంట్లో సెలీనియం మితిమీరితే అది ఊపిరిలోంచి ఇలాగే వెల్లుల్లి వాసనతో బయటికి పోతుందని ఎప్పుడో చదివాను. గోళ్లు విరుగుతాయని, జుట్టు ఊడుతుందని కూడా చదివాను. ఇన్నాళ్లూ ఆ చదువు ఎక్కడ గడ్డి తిన్నదో.

అప్పుడు సోది చెప్పింది కూడా అర్థమైంది. కాపలాకి కావలసినంత సెలీనియం అందాక అది ఇక పెరగదు. నిండిన కుండ ఎంత పోసినా నిండే ఉంటుంది. పొర్లిపోయేది ఎంతో యంత్రానికి కనిపించదు. ఆ పొర్లింది ఊరుకోదు, తనే నిప్పురవ్వలు లేపుతుంది, గుడ్డు సొనలోకి చేరి పిల్ల వెన్ను వంచుతుంది. నేను మంటని ఆర్పుతున్నాననుకుని కట్టెలు వేశాను.

మా అమ్మా, ఈ చేపా ఇద్దరూ తినేది ఏంటి? చేపని నీళ్లలో వదిలి ఇంటికి పరిగెత్తాను. పురిటి మడి దగ్గర కూర్చుని మట్టి తవ్వాను. కిందంతా కుళ్లి నల్లబడిన ఆవ ఆకు.

"అమ్మా, ఇదెక్కడిది?"

"బూడిద మూలదేనే. శివరాత్రికి ముందు నేనడిగితే నువ్వే తీసుకెళ్లమన్నావు కదా, పారేసేదే కదా అని."

అన్నాను. చీపురు కట్టడానికో, పొయ్యిలోకో అనుకున్నాను. అసలేమీ అనుకోలేదు, తొందరలో ఉండి ఊ కొట్టాను.

"తినకూడదు గానీ ఎరువుకేం దోషమే? అచ్చి కోసం కదా, మంచి బలం ఉంటాదని..." అని అమ్మ నా మొహం చూసి ఆగిపోయింది. "ఏంటే? ఏమయ్యిందే?"

ఆవ పీల్చింది మట్టిలోకి దిగింది. మట్టిలోది తోటకూరలోకి ఎక్కింది. తోటకూర కంచంలోకి వచ్చింది. ఉసిరికాయంత ముద్దకే ఆ చేప ఇలా అయితే, మిగతా కంచమంతా తిన్న అచ్చి ఏమైనట్టు? దాని కడుపులోది ఏమైనట్టు? ఆ మాట అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. ఆమె మడి పక్కనే కూలబడి, చేతులతో మొక్కలన్నీ పీకేసింది. ఏడవలేదు, అరవలేదు, పీకుతూనే ఉంది.

మఖ కార్తె

రక్తం పరీక్షలు చేసే పడవ వచ్చింది. చేపది, అమ్మది, అచ్చిది, ముగ్గురి రక్తం ఇచ్చాను. అచ్చికి ఏదో మామూలు పరీక్ష అని చెప్పాను. ఫలితం వచ్చేదాకా పడవ అంచున నిలబడి, పేర్లు రాని దేవుళ్లకి కూడా మొక్కుకున్నాను. నమ్మనివాళ్ల మొక్కులు చెల్లుతాయో లేదో తెలియదు.

డాక్టరమ్మ చిన్నపిల్లే. కాగితం రెండుసార్లు చూసింది.

"చేపకి చాలా ఎక్కువండి. మీ అమ్మగారికీ ఎక్కువే, ఆ కూర మానేస్తే మెల్లగా దిగుతుంది. మూడోది మీ మరదలిదేనా?"

"అవును."

"మార్చి ఇవ్వలేదు కదా? ఈమెకి మామూలుగా ఉంది. ఇంకా కొంచెం తక్కువ వైపే ఉంది. ఈ అమ్మాయి అసలు ఇంట్లో అన్నం తింటోందా?"

నాకు బుర్ర తిరిగిపోయింది. అచ్చిని పక్కకి లాక్కెళ్లాను. చెప్పవే అన్నాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఆ కూర మూత తీత్తే కడుపులో దేవేది వదినా. నాలుగో నెల నించి ఒక్క ముద్ద దిగలేదు. అత్త నాకోసం నడుం వంచి పెంచిన కూర, వద్దని ఎట్టా అంటాను? రెండు పోయినియ్యి. తినలేదని తెలిత్తే మూడోది కూడా నేనే పోగొట్టుకున్నానంటారు. ఎవరూ చూడరు కదా, కంచమంతా దానికే వేసేశాను. అది ఆబగా తినేది."

"మరి ఇన్నాళ్లూ నువ్వేం తిన్నావే?"

తల వంచుకుంది. "నీ గంగాళంలో మేత. గానుగ చెక్కా, తవుడూ ఉండ చేసి పొయ్యి మీద కాల్చుకునేదాన్ని. అది మాత్రం వాసన రాలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేప తిండి ఇది తింది, దీని తిండి చేప తింది. నేను చిటికెడు కొలిచి కలిపిన సెలీనియం నా మరదలికి, నా మేనల్లుడికో మేనకోడలికో చేరింది. తిను తిను అని నేను దాన్ని తిట్టిన ప్రతిసారీ అది నా మాట వినకపోవడమే మంచిదయ్యింది.

"అయితే ఆ చేపపిల్లల్ని పాడు చేసింది నేనా వదినా?"

"కాదే. మేం." దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఎముకల పోగులా తగిలింది.

డాక్టరమ్మ మాత్రం అంత సంతోషపడలేదు. "మొదటి మూడు నెలలు ఎంత తిన్నదో మనకి తెలియదు కదండీ. వెన్ను తయారయ్యేది అప్పుడే. నా దగ్గర ఇంతకంటే చూసే సాధనం లేదు. పుట్టాకే తెలియాలి," అంది. పడవ వెళ్లిపోయింది.

పుబ్బ కార్తె

అచ్చికి నేనే వండుతున్నాను. చెక్క, తవుడు, కొంచెం బెల్లం. ఎగబడి తింటోంది. జంకు పోయాక బుగ్గలు వచ్చాయి.

సన్యాసయ్య బాబాయి ఊరంతా చాటింపు వేయించినంత పని చేశాడు. జోడు చేప బిడ్డ కోసం విషం మింగిందట. ఆడవాళ్లు మూడో గదికి పసుపూ కుంకుమా తెస్తున్నారు. నిన్నటిదాకా అచ్చిని చూసి మొహం తిప్పుకున్నవాళ్లే వీళ్లు. చేప ఏమీ మింగలేదు బాబాయ్, ఆకలేసి తిన్నది అంతే అన్నాను. "ఆకలెందుకేసిందంటావు?" అన్నాడు.

ఆ జోడు ఆచారం లేకపోతే చేపకి ఈ గతి పట్టేది కాదు. కానీ అదే లేకపోతే అచ్చి ఆ కూర ఎక్కడ పారేసేది? ఈ ఇరుకు ఊళ్లో ఎక్కడ పారేసినా దొరికిపోయేది, దొరికితే కూర్చోబెట్టి తినిపించేవాళ్లం. అందులో మొదటి చెయ్యి నాదే. ఆలోచించిన కొద్దీ చిక్కు పడుతోంది, విప్పడం మానేశాను.

అమ్మ వంటగదిలోకి రావడం మానేసింది. అచ్చి పిలిచినా దగ్గరికి రాదు. "నా చెయ్యి మంచిది కాదు," అని ఒక్కటే మాట. నా తప్పు కూడా ఉందమ్మా అంటే వినదు. చేపకి తుప్పు తగ్గుతోంది. అమ్మకే తగ్గడం లేదు.

చిత్త కార్తె

తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. ముందురోజే దిగిన పైడిరాజు గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతూ తెప్ప మొత్తాన్ని ఊపేస్తున్నాడు. అమ్మ లోపలికి రానంది. తడిక అవతల గోడకి ఆనుకుని కూర్చుంది.

మధ్యాహ్నం వేళకి బిడ్డ బయటపడింది. ఏడుపు వినపడగానే బయట అందరూ లేచారు. నేను బిడ్డని మంత్రసాని చేతుల్లోంచి లాక్కుని, బోర్లా తిప్పి, మెడ కింద నుంచి వేలు పెట్టి కిందకి జరిపాను. నమ్మలేక మళ్లీ మొదటి నుంచి జరిపాను.

"భూలక్ష్మీ," అని తడిక అవతల నుంచి అమ్మ గొంతు వచ్చింది. "వెన్నెట్టా ఉందే?"

అచ్చి పడుకున్న చోటు నుంచి నా వైపు చూసింది. "అత్తకి ఇయ్యి వదినా. నువ్వు చెప్తే నమ్మదు."

బిడ్డని పాత చీరలో చుట్టి బయటికి తీసుకెళ్లాను. అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను ఆమె మోకాళ్ల మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టి చెయ్యి తీసేశాను. పడిపోతుందని భయపడి ఆమె పట్టుకుంది. పట్టుకున్నాక ఆ విరిగిన గోళ్ల వేళ్లతో, గోరు తగలకుండా, వేలి మెత్తతో మెల్లగా తడిమింది. పై నుంచి కిందకి, కింద నుంచి పైకి.

"సరిగ్గానే ఉందే," అంది. "చూడవే సూరమ్మా, సరిగ్గానే ఉంది!" అని గట్టిగా అరిచి, అప్పుడు భోరుమంది. సూరమ్మ వచ్చి తడిమింది. బాబాయి వచ్చి తడిమాడు. పైడిరాజు తడిమి మళ్లీ తడిమాడు. ఊరంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ జానెడు వీపు తడిమి వెళ్లారు.

పుట్టింది ఆడో మగో చూడాలని సాయంత్రం దాకా ఎవరికీ తోచలేదు.